గీత ఎవరిది? తెలుగు ‘ది లయన్ కింగ్’ చిత్రాల్లో రాజ్యం, ఆకలి, సరిహద్దు: కొల్లేటి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగులోకి అనువాదమై వచ్చిన ‘ది లయన్ కింగ్’ (2019), ‘ముఫాసా: ది లయన్ కింగ్’ (2024) చిత్రాల్లోని సామాజిక, రాజకీయ అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చిత్రాల్లో ప్రకృతి సమతుల్యత అనే భావన రాజ్య సరిహద్దు అనే భావనతో ఎలా ముడిపడిందో, ఆ ముడి వల్ల ఆకలిగొన్నవారు అపరాధులుగా ఎలా మారారో చూపడం దీని ప్రధానోద్దేశం. పంచతంత్ర సంప్రదాయంలోని సింహరాజు కథలతో పోల్చి, కైకలూరు పరిసరాల్లోని కొల్లేటి సరిహద్దు చరిత్రను ఆధారంగా చేసుకొని ఈ విశ్లేషణ సాగుతుంది.

కీలక పదాలు: బాలల చలనచిత్రం, యానిమేషన్, అనువాదం, పంచతంత్రం, సరిహద్దు, కొల్లేరు, పర్యావరణ రాజకీయాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు విమర్శ బాలసాహిత్యానికి ఇచ్చిన చోటు తక్కువ. బాలల చలనచిత్రానికి ఇచ్చినది మరీ తక్కువ. ఒక యానిమేషన్ చిత్రం విడుదలైతే దాని సాంకేతిక నైపుణ్యం, వసూళ్లు, గాత్రదానం చేసిన తారల గురించి వార్తలు వస్తాయి. ఆ చిత్రం పిల్లల కళ్లముందు ఎటువంటి రాజ్యాన్ని నిలుపుతోంది, అందులో ఎవరు ప్రజలు, ఎవరు పరాయివారు అన్న ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. ‘పిల్లల సినిమా’ అన్న మాటే ఆ ప్రశ్నలను ఆపివేస్తుంది. రాజు, ప్రజ, న్యాయం, ద్రోహం అనే భావనలు మనిషి మనసులో మొదట నాటుకునేది మాత్రం పిల్లల కథల్లోనే.

తెలుగులో సొంత యానిమేషన్ చిత్రాలు లేకపోలేదు. 2006 సంవత్సరానికి ‘కిట్టు’ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 2008లో ‘ఘటోత్కచ్’ వచ్చింది. అయినా తెలుగు పిల్లలు థియేటర్లలోనూ టీవీలోనూ చూసే యానిమేషన్ సాహసగాథల్లో అనువాదాల పాలు పెద్దది. అనువాద చిత్రాన్ని పరాయి చిత్రంగా పక్కన పెట్టడం సరికాదు. తెలుగులో మాట్లాడిన క్షణం నుంచి సింబా, ముఫాసాలు తెలుగు పిల్లల కథాలోకంలో చేరిపోతారు. అక్కడ వారికంటే ముందే కొన్ని సింహాలు ఉన్నాయి. ఈ వ్యాసంలోని పోలిక అక్కడి నుంచే పుడుతుంది.

2. వెలుగు సోకిన మేర: రాజ్య భావన

1994లో రోజర్ ఆలర్స్, రాబ్ మింకాఫ్ దర్శకత్వంలో చేతిగీతల చిత్రంగా వచ్చిన ‘ది లయన్ కింగ్’ను జాన్ ఫావ్రో 2019లో కంప్యూటర్ చిత్రణతో పునర్నిర్మించారు. కథ అందరికీ తెలిసినదే. రాజు ముఫాసాను తమ్ముడు స్కార్ చంపుతాడు. తండ్రి మరణానికి తానే కారణమన్న అపరాధభావంతో బాలుడు సింబా పారిపోతాడు. టిమోన్, పుంబాల స్నేహంలో పెరిగి, తిరిగి వచ్చి రాజ్యాన్ని గెలుచుకుంటాడు. ఈ సాహసగాథ అడుగున ఒక రాజకీయ సిద్ధాంతం ఉంది. అది కథారంభంలోనే, తండ్రి కొడుకుకు రాజ్యాన్ని చూపే సన్నివేశంలో వ్యక్తమవుతుంది. సూర్యకాంతి పడిన నేలంతా రాజుది. నీడలో ఉన్న చోటు రాజ్యానికి అవతలిది, అక్కడికి వెళ్లరాదు. ఇక్కడ సరిహద్దును ఎవరో గీసినట్టు కనిపించదు. వెలుగే గీసినట్టు కనిపిస్తుంది. మానవ సమాజంలో ఎప్పుడూ ఎవరో ఒకరు, ఏదో ఒక ప్రయోజనం కోసం గీసే గీతను చిత్రం ప్రకృతికి అప్పగించింది.

ఈ సిద్ధాంతంలోని రెండో అంశం ఆహారచక్రం. సింహం లేడిని తింటుంది. సింహం చనిపోయి గడ్డి అవుతుంది. ఆ గడ్డిని లేడి తింటుంది. కనుక అందరూ ఒకే చక్రంలో భాగమని తండ్రి బోధిస్తాడు. అవసరానికి మించి తీసుకోరాదన్న హితవు ఇందులో ఉంది. అది విలువైనదే. అయితే ఈ చక్రాన్ని వివరించేది ఎప్పుడూ సింహమే. యువరాజు జన్మించినప్పుడు రాతి పాదం వద్ద చేరి తలవంచే లేళ్లకు, జీబ్రాలకు ఈ చక్రం గురించి ఏమనిపిస్తుందో చిత్రం ఎక్కడా అడగదు. 2019 చిత్రంలో టిమోన్, పుంబాలు జీవితం చక్రం కాదనీ, ఒక గీత మాత్రమేననీ వాదిస్తారు. రాజ్య సిద్ధాంతానికి చిత్రంలో వినిపించే ప్రత్యామ్నాయ తత్త్వం దాదాపు అదొక్కటే. దాన్ని హాస్యానికి వదిలేశారు.

మూడో అంశం రాజుకూ వానకూ ఉన్న సంబంధం. స్కార్ పాలనలో నేల బీడువారుతుంది. సింబా రాకతో వాన కురుస్తుంది. ధర్మరాజ్యంలో నెలకు మూడు వానలు కురుస్తాయన్న నమ్మకం వాడుకలో ఉన్న తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్తగా తోచదు. చిత్రం ఇంత సులువుగా తెలుగులో ఇమిడిపోవడానికి ఇదొక కారణం. సుపరిచితమైన భావనను ప్రశ్నించడం కష్టం కనుక, విమర్శ మరింత జాగ్రత్తగా చూడవలసినదీ ఇక్కడే. కరువుకు కారణం రాజు వంశమో గుణమో అయినప్పుడు నీటి పంపకం, మేత, వేట హక్కుల వంటి అసలు ప్రశ్నలు కథ నుంచి తప్పుకుంటాయి.

రాజ్యపు శ్రమ విషయంలోనూ ఇటువంటి మౌనమే ఉంది. వేటాడి గుంపును పోషించేది ఆడసింహాలు. స్కార్‌కు లొంగక నిలిచిన సరాబి, సహాయం కోసం సరిహద్దు దాటిన నాలా ధైర్యశాలులు. అయినా స్కార్‌ను ఎదిరించడానికి వారు వారసుడైన మగసింహం రాక కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

3. దుమ్ములగొండి: ఆకలికి పెట్టిన పేరు

చిత్రంలోని రాజకీయం ముఖ్యంగా హైనాల చిత్రణలో బయటపడుతుంది. హైనాను తెలుగులో దుమ్ములగొండి అంటారు. దుమ్ము అంటే ఎముక. ఎముకలు నమిలే జంతువుగానే దానికి పేరు స్థిరపడింది. చిత్రంలోని హైనాలు కూడా ఏనుగుల ఎముకల మధ్య, వెలుగు చేరని చోట నివసిస్తాయి. అవి అక్కడ ఎందుకున్నాయి, అక్కడికి ఎవరు తరిమారు అన్నదానికి సమాధానం లేదు. వాటి గురించి చెప్పిన ప్రధాన విషయం ఒకటే: అవి ఎప్పుడూ ఆకలితో ఉంటాయి. స్కార్ వాటికి ఇచ్చే వాగ్దానం కూడా కడుపు నిండా తిండే.

ఈ ఆకలిని చిత్రం స్వభావంగా చూపుతుంది. సింహం ఆకలికి హద్దు ఉంది, హైనా ఆకలికి హద్దు లేదు అన్నట్టు కథ నడుస్తుంది. ఆఫ్రికా మైదానాల్లో జరిగిన జంతుశాస్త్ర పరిశోధనలు ఇందుకు భిన్నమైన సంగతులు చెబుతున్నాయి. చుక్కల హైనాలు తమ ఆహారంలో అధికభాగాన్ని స్వయంగా వేటాడి సంపాదిస్తాయి. అవి ఆడ జంతువుల నాయకత్వంలో గుంపులుగా జీవిస్తాయి. హైనాలు చంపిన వేటను సింహాలు లాక్కోవడమూ సాధారణమే. కల్పిత కథ జంతుశాస్త్రాన్ని అనుసరించాలన్న నియమం లేదు. అయితే 2019 చిత్రం వన్యప్రాణి డాక్యుమెంటరీని తలపించే వాస్తవిక చిత్రణను ఎంచుకుంది. 1994 నాటి చేతిగీతల్లో సింహం ముఖంలో మనిషి హావభావాలు పలికేవి. చూస్తున్నది కల్పిత కథ అన్న ఎరుక ప్రేక్షకుడికి ఉండేది. 2019లో ప్రతి వెంట్రుకా నిజంలా కదులుతుంది. దానితో రాజకీయ కల్పన ప్రకృతి సత్యంలా భాసిస్తుంది. సాంకేతిక ప్రగతి ఇక్కడ భావజాలానికి ముసుగైంది.

కథ చివర హైనాలకు జరిగేది కూడా గమనార్హం. ప్రాణభయంతో స్కార్ నేరమంతా వాటిమీదికే నెడతాడు. ఆ మాట విన్న హైనాలు అతన్ని చంపుతాయి. ద్రోహిని శిక్షించింది అవే అయినా తర్వాతి రాజ్యంలో వాటికి చోటు దొరకదు. వాన కురిసి, గడ్డి మొలిచి, కొత్త వారసుడు పుట్టేసరికి అవి కథలోనే ఉండవు. వాటి ఆకలి తీరిందా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

4. తెలుగు కథల్లోని సింహరాజు

తెలుగు పిల్లలకు సింహరాజు కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ మిత్రలాభం, మిత్రభేదం అనే భాగాలతో తరాల విద్యార్థులకు పాఠ్యమైంది. పంచతంత్ర కథలు వాచకాలలో, బాలల పత్రికలలో, పెద్దల నోట అంతకంటే విస్తృతంగా ప్రచారంలో ఉన్నాయి. ఆ సంప్రదాయంలోని సింహరాజును ‘లయన్ కింగ్’ పక్కన నిలిపితే మూడు భేదాలు కనిపిస్తాయి.

మొదటిది రాజు స్వభావం. మిత్రభేదంలోని పింగళకుడు ఎద్దు రంకెకు భయపడతాడు. తర్వాత ఆ ఎద్దుతోనే, అంటే సంజీవకుడితో, స్నేహం చేస్తాడు. చివరకు నక్క చెప్పిన చాడీలు నమ్మి ఆ మిత్రుణ్నే చంపుతాడు. ఇక్కడ రాజు పొరబడగల వ్యక్తి. రాజ్యక్షేమం అతని రక్తంలో లేదు. అతడు ఎవరి మాట వింటాడన్నదానిపై ఆధారపడి ఉంది.

రెండోది అంచున ఉన్నవారి స్థానం. కరటక దమనకులు పదవి కోల్పోయిన మంత్రి పుత్రులు. సింహం తిని వదిలినదే వారి భుక్తి. ఈ సంగతిని కథ దాచదు. వారి కుట్రకు వెనుక ఉన్న లేమి, అధికార కాంక్ష శ్రోతకు తెలుస్తాయి. దమనకుడు దుష్టుడే కావచ్చు, కాని అతనికి ఒక చరిత్ర ఉంది, వాదం ఉంది. దుమ్ములగొండులకు ‘లయన్ కింగ్’ ఇవ్వనిది అదే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆహారంగా మారేవారి గొంతు. సింహం, కుందేలు కథలో అడవి జంతువులు సింహంతో ఒప్పందం చేసుకుంటాయి. రోజుకొక జంతువు తనంతట తాను వెళ్లాలన్నది ఆ ఒడంబడిక. అదీ ఒక ఆహారచక్రమే. అయితే బలహీనులు భయంతో అంగీకరించిన చక్రం. తన వంతు వచ్చిన కుందేలు దానికి తలవంచలేదు. సింహాన్ని బావి దగ్గరికి తీసుకువెళ్లి, దాని నీడనే శత్రువుగా చూపి ముంచింది. ఈ కథ విన్న పిల్లలు నిలిచేది కుందేలు పక్షాన. ‘లయన్ కింగ్’ చూస్తున్న అదే పిల్లలు మాత్రం సింహంతో పాటు రాతి మీద నిలబడి కిందికి చూస్తారు. చూసే చోటు మారడమే ఈ రెండు సంప్రదాయాల మధ్య ఉన్న అసలైన రాజకీయ భేదం.

5. వెలివేత నుంచి వారసత్వానికి: ‘ముఫాసా’

2024 డిసెంబరులో విడుదలైన ‘ముఫాసా’ ఈ విమర్శలలో కొన్నింటికి జవాబిచ్చే ప్రయత్నంగా కనిపిస్తుంది. బారీ జెంకిన్స్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ముఫాసా రాజవంశీకుడు కాడు. వరదలో కొట్టుకుపోయి, తల్లిదండ్రులకు దూరమై, పరాయి గుంపు చెంతకు చేరిన అనాథ. రాజైన ఒబాసి దృష్టిలో దారితప్పి వచ్చినవాడంటే అపాయం. అందుకే ముఫాసాను మగసింహాలకు దూరంగా, ఆడసింహాల వద్ద ఉంచుతాడు. ఆ అవమానమే అతనికి వరమవుతుంది. ఎషే వద్ద వేట, వాసన పసిగట్టడం, ఓర్పు నేర్చుకుంటాడు. అసలైన యువరాజు టాకా ద్రోహిగా మారతాడు. చివరకు జంతువులన్నీ కలిసి ముఫాసాను రాజుగా ఎన్నుకుంటాయి. రక్తం కంటే నడవడి గొప్పదన్న ఈ సందేశం మొదటి చిత్రంలోని వంశవాదాన్ని కదిలిస్తుంది.

ఆ కదలికకు పరిమితులున్నాయి. కథలోని ప్రతినాయకుడు కిరోస్, అతని తెల్ల సింహాలు కూడా వెలికి గురైనవారే. వెలివేసినవారి బాధ మళ్లీ దౌష్ట్యంగానే రూపుకట్టింది. హైనాల స్థానంలోకి తెల్ల సింహాలు వచ్చాయి. పైగా ఈ కథంతా సింబా కూతురికి రఫీకి చెప్పే గాథ. అనాథ సాధించిన రాజ్యం మనవరాలి నాటికి వంశగౌరవంగా మారిపోయింది.

తెలుగు గాత్రదానం ఈ అంశానికి మరో అర్థాన్ని జోడించింది. 2019లో పుట్టుకతోనే యువరాజైన సింబాకు గొంతునిచ్చినవారు నాని. సినీకుటుంబ నేపథ్యం లేకుండా సహాయ దర్శకుడిగా, రేడియో జాకీగా పనిచేసి తెరకు వచ్చిన నటుడాయన. 2024లో వంశం లేని ముఫాసాకు గొంతునిచ్చినవారు మహేశ్ బాబు. నటుడు కృష్ణ కుమారుడిగా బాల్యం నుంచే తెరకు పరిచితుడు. స్వయంకృషితో వచ్చిన గొంతు వారసుడికి, వారసత్వపు గొంతు అనాథకు అమరాయి. ఇది ఉద్దేశపూర్వకం కాకపోవచ్చు. అయినా వారసత్వ చర్చ నిత్యం సాగే తెలుగు చిత్రసీమలో ఈ అమరిక అర్థరహితం కాదు. అనాథ గొప్పతనాన్ని నమ్మించడానికి కూడా స్థిరపడిన వంశఖ్యాతి అవసరమైందని దీనివల్ల అనిపిస్తుంది. స్కార్‌కు జగపతిబాబు, టిమోన్, పుంబాలకు అలీ, బ్రహ్మానందం గొంతులు పాత్రలను తెలుగు ప్రేక్షకుడికి ముందుగానే వర్గీకరించి ఇచ్చాయి. ప్రతినాయకుడు, హాస్యగాడు ఎవరో గొంతే చెప్పేస్తుంది.

6. కొల్లేటి గట్టు మీద నుంచి

ఇంతవరకు చెప్పినది చిత్రంలోని గీత గురించి. నేల మీద గీసిన గీతలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు తగిన ఉదాహరణ. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ సరస్సు వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో తగ్గుతుంది. ప్రకృతి దీనికి స్థిరమైన హద్దును ఇవ్వలేదు. లంక గ్రామాల జీవనం తాటిదోనెలు, మావులు, వలలతో ఆ కదిలే హద్దు వెంట నడిచింది. అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఈ జీవనాన్నీ దాని క్షీణతనూ చిత్రించింది.

1970ల తర్వాత మత్స్యకార, దళిత కుటుంబాలకు సహకార సంఘాల పేర చెరువులు ఏర్పడ్డాయి. క్రమంగా పెట్టుబడి ఉన్నవారు కౌలు రూపంలో వాటిని చేజిక్కించుకున్నారు. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు విస్తరించాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కైకలూరు ప్రాంతంలో ‘కాంటూరు’ సర్వే శాస్త్రానికి చెందిన పదంగా మిగలలేదు. ఇంటింటా వినిపించే రాజకీయ పదమైంది.

ఈ చరిత్ర ‘లయన్ కింగ్’ను రెండు విధాలుగా పరీక్షిస్తుంది. ఒకటి, చిత్రం చెప్పిన మితి సూత్రాన్ని ఇది బలపరుస్తుంది. హద్దులేని వినియోగం జలవనరును చంపుతుందనడానికి కొల్లేరుకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. కనుక చిత్రంలోని పర్యావరణ హితవును తోసిపుచ్చడం పొరపాటు. రెండు, ఆ హద్దును మీరేదెవరన్న విషయంలో చిత్రం ఇచ్చే జవాబును ఇది తిప్పికొడుతుంది. కొల్లేటిని ఆక్రమించినది ఎముకల మధ్య ఆకలితో ఉన్న గుంపు కాదు. పెట్టుబడి, కౌలు, విధానాలు కలిసి ఆ పని చేశాయి. గట్లు తెగినప్పుడు, గీత గట్టిపడినప్పుడు మాత్రం అపరాధుల వరుసలో ముందు నిలబడవలసి వచ్చినవారు సరస్సును నమ్ముకొన్న పేద కుటుంబాలే. స్కార్ తన నేరాన్ని హైనాలమీదికి నెట్టిన సన్నివేశం ఇక్కడ కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది.

కైకలూరును ఆనుకొని ఉన్న ఆటపాక పక్షుల కేంద్రం ఇదే సత్యాన్ని మరో కోణంలో చూపుతుంది. అక్కడ గూళ్లు కట్టుకొన్న గూడబాతును చూడటానికి సందర్శకులు వస్తారు, పిల్లలు విహారయాత్రకు వస్తారు. అదే గూడబాతు కంచె దాటి చేపల చెరువు మీద వాలితే రైతుకు నష్టం. దాన్ని తరమడానికి ఏర్పాట్లు ఉంటాయి. పక్షి మారలేదు, ఆకలి మారలేదు. గీతకు ఇవతల అతిథి, అవతల దొంగ. ఆకలిని నేరంగా మార్చేది స్వభావం కాదనీ, గీత ఉన్న చోటనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం దొరకదు. చిత్రంలోని హైనాలను ఈ గూడబాతు పక్కన నిలిపి చూసినప్పుడు, వాటి ఆకలిని చిత్రం దాచిన తీరు బోధపడుతుంది.

‘ముఫాసా’లోని వరద కూడా ఈ ప్రాంతానికి పరాయిది కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చేరేది కొల్లేటికే. వరదకు కాంటూరు తెలియదు. చిత్రంలో వరద ఒక పిల్లవాణ్ని పరాయివాడిగా మార్చింది. ఇక్కడ వరద ప్రతిసారీ సరస్సు అసలు హద్దు ఎంతవరకో గుర్తుచేస్తుంది.

7. ఉపసంహారం

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ‘ది లయన్ కింగ్’ మితి అనే మంచి పర్యావరణ విలువను వంశరాజ్యం, స్థిరమైన సరిహద్దు అనే రాజకీయ విలువలతో కలిపి అందిస్తుంది. వాస్తవిక చిత్రణ ఆ కలయికను సహజంగా కనిపింపజేస్తుంది. ‘ముఫాసా’ వంశవాదాన్ని సడలించినా, వెలివేతకు గురైనవారిని శత్రువులుగా చూపే నిర్మాణాన్ని వదులుకోలేదు. పంచతంత్ర సంప్రదాయంలో కుందేలు వైపు నుంచి, దమనకుడి లేమి వైపు నుంచి చూసే వీలు ఉంది. ఈ చిత్రాలలో అది కొరవడింది.

ఈ చిత్రాలను పిల్లలకు దూరం చేయాలని ఈ వ్యాసం సూచించడం లేదు. సింబా దుఃఖం, టిమోన్, పుంబాల స్నేహం, ఎషే వాత్సల్యం పిల్లలకు దక్కవలసినవే. చిత్రం ముగిశాక తరగతి గదిలో కుందేలు కథను మళ్లీ చెప్పించడం, హైనాలు నీడలోకి ఎలా చేరాయో పిల్లల చేత కథగా రాయించడం ఉపాధ్యాయులు చేయదగిన పనులు. గట్టు, కాంటూరు, కౌలు అన్న మాటలు వింటూ పెరిగే కొల్లేటి పిల్లలకు ఆ కథ రాయడానికి కావలసిన అనుభవం సిద్ధంగానే ఉంది. అనువాద యానిమేషన్ చిత్రాలను ప్రాంతీయ అనుభవంతో చదివే పద్ధతి తెలుగు విమర్శలో స్థిరపడితే, అటువంటి కథలకు చదువరులూ ఏర్పడతారు.